బొగ్గు చుక్కలు

ఆ ఊళ్లో ఊసరవెల్లి కనిపిస్తే పెద్దవాళ్లు కూడా పక్కకు తప్పుకుంటారు. దాన్ని చూపించాల్సి వస్తే వేలు మడిచి కణుపుతో చూపిస్తారు, సమాధుల్ని చూపించినట్టే. అలాంటి ఊళ్లో ఫాంజా మొగుడు సిలావు ఇంటి పక్కనే వల కట్టి పిల్లిపిల్లంత ఊసరవెల్లుల్ని పెంచాడు. బతికున్నన్నాళ్లూ ఊరు అతణ్ణి పిచ్చివాడంది. పోయాక వాటి ఉసురే తగిలిందంది. ఊరి నోటికి మూత ఎవరు పెట్టగలరు.

సరదాకి పెంచలేదతను. కొండ మీద అడవి తగలబెట్టి వరి చల్లిన ఏడు, మాడిన కొమ్మల మధ్య నుంచి ఆ పెద్ద ఆకుపచ్చ జాతిలో ఒక జంట దొరికింది. ఆ తర్వాత ఈ లోయలో అలాంటిది ఇంకోటి ఎవరికీ కనబడలేదు. వాటిని బతికించడం మాటలు కాదు. కాస్త ఎండ తగిలితే నోరు తెరిచేస్తాయి. గిన్నెలో నీళ్లు పెడితే చూడనైనా చూడవు, ఆకు మీద చినుకు జారితేనే తాగుతాయి. సిలావు డబ్బాకు చిల్లులు పొడిచి కొమ్మకు వేలాడదీసి, పొలం పని మానుకుని మరీ వాటికి వాన కురిపించేవాడు. అయినా మగది ఎండలకు తట్టుకోలేక చచ్చిపోయింది. ఆడది మాత్రం అప్పటికే కడుపుతో ఉంది. వలలో ఒక మూల మట్టి తవ్వుకుని గుడ్లు పెట్టింది.

సిలావు వాటిని ఒక్కొక్కటే తీసి చెక్కపెట్టెలో తడిమట్టి మీద సర్దుతూ, ప్రతిదాని నెత్తిన బొగ్గుతో చుక్క పెట్టాడు.

"ఈ చుక్క ఎప్పుడూ ఆకాశాన్నే చూస్తుండాలి," అన్నాడు పెళ్లాంతో. "కోడిగుడ్డు కాదిది, తిప్పడానికి. తిరగబడిందంటే లోపల పిల్ల చస్తుంది. రెండు చలికాలాలు చల్లగా పడుకోవాలి. అప్పుడు లేస్తాయి."

"అప్పటికి మనం ముసలాళ్లమైపోతాం," అని నవ్వింది ఫాంజా.

ఇంటికి దక్షిణం వైపు, ఆ దేశంలో ఎండ సోకని దిక్కున, గుంట తీసి పెట్టె దించారు. ఆ వానల్లోనే సిలావుకు జ్వరం తగిలింది. ముసలితనం దాకా ఆగలేదతను.

మొదటి చలికాలం గడిచింది. ఆడ ఊసరవెల్లి కూడా ఒక ఉదయం కొమ్మ మీద నుంచి జారి కింద పడి ఉంది. ఇంక మిగిలింది ఆ పెట్టె ఒక్కటే. పిల్లల్లేని ఫాంజా పొద్దున్నే లేచేది దాని కోసమే. మట్టి మీద నీళ్లు చిలకరించి, చేత్తో తడిమి చల్లగా ఉందని చూసుకుంటే తప్ప ఆమెకు గంజి దిగేది కాదు. అవి లేస్తే సిలావు పిచ్చివాడు కాడు. అంతకంటే పెద్ద కోరికేదీ ఆమెకు లేదు.

ఇంట్లో ఇంకో మనిషి అత్తగారు రఫూచి. ఆమె వల వైపు ఎప్పుడూ తొంగి చూడలేదు. "నా కొడుకు మనవణ్ణి ఇవ్వకుండా బల్లిగుడ్లు ఇచ్చి పోయాడు," అని దెప్పేది. రెండో చలికాలం మంచు దిగేసరికి ఆ దెప్పడం కూడా మానేసింది. కొడుకు కలలోకి రావడం మొదలైంది.

"మళ్లీ వచ్చాడే," అంది ఒక పొద్దున్న పొయ్యి ముందు కూర్చుని. "గడప దాటి లోపలికి రాడు. అమ్మా, చలేస్తోంది అంటాడు, అంతే."

చచ్చినవాడు చలేస్తోందంటే ఏం చెయ్యాలో ఆ దేశంలో చిన్నపిల్లలకూ తెలుసు. సమాధి తెరవాలి. ఎముకల్ని బయటికి తెచ్చి, కొత్త పట్టుబట్ట చుట్టి, ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పి, పక్క తిప్పి మళ్లీ పడుకోబెట్టాలి. కానీ ముహూర్తాలు పెట్టే ముసలాయన తల అడ్డంగా ఊపాడు. "నిన్నగాక మొన్న పోయినవాణ్ణి అప్పుడే తియ్యడమేమిటమ్మా? ఒళ్లు ఆరాలి. ఇంకా ఏళ్లు పడుతుంది. ముందే తెరిస్తే ఇంకోళ్లు పోతారు."

"అందాకా వాడు వణుకుతూ ఉండాలా?" అంది రఫూచి.

అప్పుడే ఏటికవతల ఫాంజా చెల్లెలికి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. వెళ్లక తప్పదు. వెళ్తూ అత్తగారిని బతిమాలుకుంది.

"పొద్దున్నే ఆ మట్టి మీద కాసిని నీళ్లు చిలకరించు అత్తా. చూడక్కర్లేదు, మొహం పక్కకు తిప్పుకునే చిలకరించు."

"సరేలే, పో. నీ బల్లులకి దాదిని కూడా నేనేనా," అంది రఫూచి.

చల్లగా ఉండాలని మాత్రం ఫాంజా చెప్పలేదు. ఊసరవెల్లి నీడకే జడిసే మనిషి గుడ్లను ముట్టుకుంటుందని ఎవరనుకుంటారు.

చెల్లెలికి కాన్పయింది, తల్లీబిడ్డా కులాసా. ఫాంజా తిరిగొస్తుంటే పక్కింటి జుస్తీన్ వడ్లు దంచడం ఆపింది.

"మీ అత్తకేమైందే? తన మొగుడు పోయినప్పటి నుంచి నవ్వని మనిషి, నిన్న పాట పాడింది."

ఇంట్లోకి అడుగు పెట్టగానే వేడి మొహానికి కొట్టింది. పొయ్యి నిండా కట్టెలు. రఫూచి శుభ్రంగా తల దువ్వుకుని, ఈశాన్యం మూల, పోయిన పెద్దలకు తేనె పెట్టే చోట కూర్చుని ఉంది. ఒళ్లో ఎర్రటి పట్టు మూట.

ఆ పట్టు ఫాంజాకు తెలుసు. రఫూచి తన చావు కోసం నేయించి భోషాణంలో దాచుకున్నది. పురుగు పడుతుందని ఏటా ఎండబెట్టుకునేది, కోడల్ని కూడా తాకనిచ్చేది కాదు. ఇప్పుడది పేలికలుగా చిరిగి ఉంది.

"రా, కూర్చో," అంది రఫూచి మెల్లగా. "నీళ్లు పొయ్యడానికి వెళ్లి చెయ్యి పెట్టి చూశానే. మట్టి మంచులా ఉంది. వాడు వదిలి వెళ్లినవి ఇవేగా. వాడికి కప్పనివ్వలేదు, వీటికైనా కప్పుదామనుకున్నా. ఒక్కోదాన్నీ చుట్టాను. పక్క తిప్పాను. సాయంత్రం పొయ్యి దగ్గర పెట్టి, పొద్దున్న ఈ మూలకి తెస్తున్నా. ఆ రోజు నుంచి వాడు కలలోకి రాలేదు. చలి తగ్గిందన్నమాట."

ఫాంజా మూట లాక్కుని విప్పింది. గుడ్లు చేతికి వెచ్చగా తగిలాయి. కొన్ని సొట్టపోయాయి, కొన్ని పసుపుపచ్చగా చెమర్చాయి. బొగ్గు చుక్కలు సగం పట్టుకు అంటుకుపోయాయి. ఉన్నవి తలో దిక్కూ చూస్తున్నాయి. ఒకటి గోటితో చీల్చింది. లోపల చిటికెనవేలి గోరంత పిల్ల, తోక చుట్టుకుని ఉంది. కదల్లేదు. ఇంకోటి చీల్చింది. దాన్లోనూ అంతే. మూడోది చీల్చే ఓపిక ఆమెకు లేకపోయింది.

"చంపేశావు," అంది. "చలే వీటికి ప్రాణం. ఉడకబెట్టి చంపేశావు అత్తా. ఆయన్ని రెండోసారి చంపావు."

ఆ మాట అనకూడదని తెలుసు. తెలిసే అంది. "చలేస్తోందన్నాడే..." అని మాత్రం అంది రఫూచి, ఎవరితోనో అన్నట్టు.

ఆ రాత్రి ఫాంజా గోడ వైపు తిరిగి పడుకుంది. తెల్లారాక ఆ గుడ్లు ఏట్లో పారేసి, వల పీకేసి, పుట్టింటికి పోదామనుకుంది. ఇక్కడ తను చూసుకోవలసింది ఏమీ మిగల్లేదు.

పొద్దున్నే లేచి చూస్తే అత్తగారి చాప ఖాళీగా ఉంది.

దక్షిణం వైపు, గుంట పక్కన, మంచులో కూర్చుని ఉంది రఫూచి. భుజాల మీద దుప్పటి కూడా లేదు. పెట్టె మళ్లీ గుంటలోకి దిగింది. గుడ్లన్నీ తడిమట్టి మీద వరసగా ఉన్నాయి, ఫాంజా చీల్చినవి కూడా, పెంకులు దగ్గరికి అదిమి. ప్రతిదాని నెత్తిన బొగ్గుతో కొత్త చుక్క. ఎన్నడూ ఊసరవెల్లి వైపు తిన్నగా వేలు చూపని మనిషి వేళ్లు నల్లగా అయ్యాయి.

"చుక్కలు పైకే పెట్టాను," అంది రఫూచి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఇప్పుడు సరిపడా చల్లగా ఉందా, చూడు."

"అవి ఇంక లేవవు అత్తా."

"తెలుసే," అంది రఫూచి. "రాత్రి వాడు మళ్లీ వచ్చాడు. నిలబడ్డాడు. ఈసారి ఏమీ అడగలేదు."

ఫాంజా ఇంట్లోకి వెళ్లి దుప్పటి తెచ్చి కప్పబోయింది. రఫూచి చెయ్యి అడ్డం పెట్టి తోసేసింది.

"నాకొద్దు. వాడికి లేనిది నాకెందుకు," అంది. "నువ్వు వాటికి నీళ్లు చిలకరించు."