సూదిలేని సిరంజి, రాగిచెంబు

నేను ఒక సూదిలేని సిరంజిని. నవ్వకండి. సూది లేదు కాబట్టే జీవితంలో ఒక్క పసిబిడ్డనూ ఏడిపించలేదు. నా పనంతా ఆకులతోనే.

పుట్టింది ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో. వేడి అచ్చులోంచి బయటపడగానే ఒంటి మీద గీతలు పొడిచి, ఒక సూదిని జంటగా ఇచ్చి, కాగితం కవరులో పడుకోబెట్టారు. నా తోబుట్టువులంతా ఆసుపత్రులకు వెళ్ళారు. నేను మాత్రం తిరుపతిలో ఒక మొక్కల పరిశోధనశాలకు చేరాను. అక్కడ గంగరత్న అనే పరిశోధక విద్యార్థిని కవరు చించి, సూదిని పీకి డబ్బాలో పారేసింది. మా కాపురం ఆ పూటే తెల్లారిపోయింది.

గంగరత్నది కడప వైపు పల్లెటూరు. వాళ్ళ నాన్నకు తమలపాకు తోట ఉంది. తీగకు తెగులు తగిలితే మైలుతుత్తం, సున్నం కలిపి కొడతారు. మైలుతుత్తంలో ఉండేది రాగి. తెగులుతో పోరాడే జన్యువులు మొక్కలోనే ఉంటాయట గానీ, అవి ఎప్పుడూ మేలుకుని ఉంటే మొక్క ఎదగదట. రాత్రింబవళ్ళు కర్ర పట్టుకుని కాపలా కాసేవాడికి దుక్కి దున్నే తీరిక ఎక్కడిది? అందుకని, రైతు మందు కొట్టిన రోజే, ఆ రాగి తగిలినప్పుడే అవి నిద్రలేచేలా చేయాలని ఈ పిల్ల పంతం. దానికి ఒక కొత్త ప్రోటీన్ తయారుచేసింది. రాగిని పసిగట్టే ముక్క ఈస్టు నుంచి, జన్యువును తట్టి లేపే ముక్క ఒక వైరస్ నుంచి తెచ్చి అతికించింది. కృత్రిమ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అంటారు దాన్ని. నాకు నోరు తిరగదు, స్విచ్ అంటాను.

ముందు పరీక్ష కోసం ఆ స్విచ్చును ఒక ఎర్రరంగు జన్యువుకు తగిలించింది. రాగి తగిలితే ఆకు బీట్‌రూట్ రంగుకు తిరగాలి, తగలకపోతే పచ్చగానే ఉండాలి. ఈ జన్యువులను ఆకులోకి మోసే బాక్టీరియా నీళ్ళను నాలో నింపేది. పొగాకు జాతి మొక్క ఆకును తిరగేసి, పైన వేలు అడ్డం పెట్టి, నా మూతిని అడుగున ఆనించి మెల్లగా నొక్కేది. ఆకులో తడి మరక పాకేది. ఆ బొటనవేలి ఒత్తిడి ఇప్పటికీ నాకు గుర్తే. వాడి పారేయాల్సిన నన్ను, నా చేతికి వాటంగా ఉన్నావే అంటూ స్పిరిట్‌తో కడిగి దాచుకునేది. మనిషి నోటి నుంచి అంత మాట వింటే ప్లాస్టిక్కైనా పొంగిపోదా?

రాగినీళ్ళు చల్లిన మొక్కలు కిటికీ పక్క బల్ల మీద ఉండేవి. చల్లనివి తలుపు పక్క బల్ల మీద. కిటికీ పక్కవి ఎర్రబడ్డాయి. అమ్మాయి ముఖం వెలిగిపోయింది. తీరా ఇటు తిరిగి చూస్తే తలుపు పక్కవి కూడా ఎర్రబడుతున్నాయి!

నిందలన్నీ నా మీదే పడ్డాయి. సిరంజి సరిగ్గా కడగలేదేమో అని తోటివాళ్ళు అన్నారు. నా ఒళ్ళు మండిపోయింది. గంగరత్న నన్ను ఏప్రాన్ జేబులో వేసుకుని, కొత్త సిరంజితో మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే ఎరుపు. కనీసం నా పరువు దక్కింది. ఆమె పరువే పోయింది. ఆమె గైడు నరసింహాచార్యులు గారు అందరి ముందూ, ఇది అదుపు లేని స్విచ్, వచ్చే మీటింగుకు ఇలాగే ఉంటే వదిలేసి వేరే పని మొదలుపెట్టు అనేశారు. అంటే ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసినట్టే. ఫెలోషిప్పు కూడా ఆఖరికొచ్చింది. ఆ రోజు ఆమె మొక్కల మధ్య కూర్చుని, ఊరికే పలకొద్దే, పిలిస్తేనే పలకమంటి గదా అని ఆకును బతిమాలుకుంది. జేబులో ఉన్న నాకు ఆ వెక్కిళ్ళు తెలుస్తూనే ఉన్నాయి.

ఆచార్యులు గారు చెడ్డమనిషి కాదు. ఆయనకు ఆరోగ్యం పిచ్చి. రాగిచెంబులో నీళ్ళు పోసి, నిమ్మచెక్క పిండి, రాత్రంతా ఉంచి పొద్దున్నే తాగేవారు. రాగిలో పులుపు పోయకూడదని ఏ వంటింట్లో అడిగినా చెబుతారు. అన్ని డిగ్రీలున్న ఆయన వంటింట్లోకి తొంగిచూస్తే గదా!

ఒక పొద్దున గంగరత్న పెందలాడే వచ్చింది. తలుపు పక్క బల్ల దగ్గర ఆయన నిలబడి ఉన్నారు. తాగగా మిగిలిన నీళ్ళు పారబోయడం పాపమని, చెంబులో చేయి ముంచి ఆకుల మీద చిలకరిస్తున్నారు.

"తాగండమ్మా, తాగండి," అంటున్నారు ముద్దుగా.

ఆమె అక్కడే ఆగిపోయింది. చెంబులో నిమ్మతొక్క తేలుతోంది. పులుసు రాగిలో ఉంచితే ఆ రాగి చిలుమై అందులోకి దిగుతుందని వాళ్ళ అవ్వ కసురుకోవడం చిన్నప్పటి నుంచీ విన్న పిల్ల. మీరే సార్ అని గురువుగారి ముఖాన ఎలా అంటుంది? అనకపోతే స్విచ్ పోతుంది. చివరికి దగ్గరికి వెళ్ళి అడిగింది.

"సార్, ఆ చెంబు ఒక్క దినం నాకిస్తారా?"

ఆయన సంగతేమిటో అడగకుండానే ఇచ్చేశారు. ఆమె నాతోనే కొత్త ఆకులకు బాక్టీరియా నీళ్ళు ఎక్కించింది. కొన్నింటి మీద చెంబులో, కొన్నింటి మీద స్టీలు గ్లాసులో నిమ్మ పిండి ఉంచిన నీళ్ళు చల్లింది. ఈసారి ఆ బల్ల దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు. ఆకుల రంగు తేలాక ఆయన్ని పిలిచింది. స్టీలు గ్లాసు మొక్కలు పచ్చగా ఉన్నాయి. చెంబు మొక్కలు ఎర్రగా ఉన్నాయి. ఆయన ఒక ఎర్రాకును పట్టుకుని చెంబు వైపు చూశారు.

"నా చేత్తో నేనే నీ పని పాడుచేశానా తల్లీ?"

"పాడయ్యిందేం లేదు సార్. రవ్వంత రాగి తగిలినా పలుకుతాదని మీరే చూపిచ్చినారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మీటింగులో ఆయనే లేచి జరిగింది జరిగినట్టు చెప్పారు. అందరూ నవ్వారు, అందరికంటే ముందు ఆయనే నవ్వారు. స్విచ్ నిలిచింది.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ గదికి గంగరత్నే మేడమ్. ఆయన రిటైరైనప్పుడు చెంబును ఆమె బల్ల మీద పెట్టి, మళ్ళీ నాకివ్వకు అని చెప్పి వెళ్ళారు. అడపాదడపా వచ్చి స్టీలు గ్లాసులో నీళ్ళు తాగి, మొక్కలను పలకరించి పోయేవారు. పోయిన వేసవి నుంచి రావడం లేదు. ఇక రారు.

నా గీతలు చెరిగిపోయాయి. పిడి బిగుసుకుపోయింది. పెన్నులతో పాటు ఆ చెంబులోనే ఉంటున్నాను. గంగరత్న పొద్దున్నే వచ్చి ముందుగా తలుపు పక్క బల్ల దగ్గర ఆగుతుంది. ఒక్కొక్క ఆకునూ తిరగేసి చూస్తుంది. అన్నీ పచ్చగానే ఉంటాయి. ఒకప్పుడు ఆ పచ్చదనం కోసమే ఏడ్చిన పిల్ల, ఇప్పుడు ఎక్కడైనా ఒక్క ఎర్రచుక్క కనిపిస్తుందేమోనని వెతుకుతుంది.