శుక్రవారం పదకొండు గంటల ఉత్తరం

"ఆ ఫోను అవతల పెడితే కాలర్ అయినా తిన్నగా వస్తుంది," అన్నాడు భర్త, చేతిలో పేపరు మీంచి తలెత్తకుండా.

ఆమె కుడిచేత్తో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఎడమచేతి బొటనవేలితో ఫోనులో వార్తలు పైకి తోస్తోంది. కాలర్ తిన్నగానే ఉంది. ఆ మాట అంటే ఇంకో పది నిమిషాలు పోతాయి. ఆమెకున్నవే ఇరవై.

ఆ ఇరవై నిమిషాల కోసం రోజూ ముప్పావుగంట ముందు లేస్తుంది. ఆయన పేపరుకి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలూ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. దాని పేరు లోకజ్ఞానం. ఆమె చదివేదాని పేరు ఫోన్ పిచ్చి. బడిలో లైబ్రరీ నడిపే మనిషికి కొత్త పుస్తకాల సంగతి తెలియాలి, చదవడానికి తడబడే పిల్లల్ని ఎలా దారిలో పెట్టాలో తెలియాలి, పిల్లలు నిజమనుకుని మోసుకొచ్చే పుకారు ఎక్కడ పుట్టిందో తెలియాలి. టీచర్లకి శిక్షణ తరగతులున్నాయి. లైబ్రేరియన్‌కి ఎవరూ ఏమీ నేర్పరు. అందుకే తనకి తానే నేర్చుకోవడానికి నలభై మూడు సైట్లు ఏరి, వాటిలో కొత్తగా ఏం వచ్చినా ఒక్కచోటే కనిపించేలా ఫీడ్ పెట్టుకుంది. పనికొచ్చిన వ్యాసానికి నక్షత్రం గుర్తు పెడుతుంది. కింద గడిలో తన మాట రాస్తుంది: 'ఆరో తరగతి సైన్సుకి బావుంటుంది', 'మూడో పేరా నమ్మకండి, ఆధారం లేదు'. నక్షత్రం పెట్టినవన్నీ ఒక పేజీలో పోగవుతాయి. రెండేళ్ళ క్రితం ఆ పేజీ లింకు స్టాఫ్ గ్రూపులో పెడితే ఎవరో ఒకరు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

"ఏముందమ్మా అందులో, పొద్దస్తమానం?" అన్నారు పక్కగదిలోంచి వచ్చిన అత్తగారు.

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి వివరంగా చెప్పింది. అత్తగారు ఓపిగ్గా విన్నారు. "సరేగానీ, నా మోకాళ్ళ నూనె అయిపోయింది. సాయంత్రం తెస్తావా?"

మర్చిపోతానేమోనని, అప్పుడే నక్షత్రం పెట్టి తెరిచి ఉంచిన వ్యాసం కింద గడిలోనే రాసేసుకుంది.

ఆ రోజు శుక్రవారం. పదకొండున్నరకి పుస్తకాల రిజిస్టరు మీద సంతకాల కోసం స్టాఫ్ రూముకి వెళ్తే లోపల ఒకటే నవ్వులు.

"చూశారా మేడమ్, మన కంప్యూటర్ మాస్టారు ఎంత మంచివాడో," అంది లెక్కల టీచరు, తన ఫోను ఆమె చేతిలో పెడుతూ. "ఇంత పనిలోనూ అత్తగారి మోకాళ్ళు మర్చిపోలేదు. మా ఆయనకి మా అమ్మకి మోకాళ్ళున్నాయన్న సంగతే తెలీదు."

ఆమె చదివింది. అదో ఈమెయిల్ ఉత్తరం. పైన 'ఈ వారం తెలుసుకోవలసినవి'. కింద ఏడు వ్యాసాలు. ఏడూ తనవే. ఒక్కోదాని కింద తన వాక్యమే, పొల్లు పోకుండా. నాలుగోదాని కింద: 'అత్తయ్యగారి మోకాళ్ళ నూనె అయిపోయింది. సాయంత్రం తేవాలి.' అట్టడుగున మాస్టారి సంతకం, హోదాతో సహా.

"ఇది ఎప్పట్నుంచి వస్తోంది?"

"రెండేళ్ళయింది. ప్రతి శుక్రవారం పదకొండింటికి టంచనుగా. టీచర్లందరికీ, బడి కమిటీ వాళ్ళకీ. మీకు రాదా? ఓ, మీరు బోధనేతర సిబ్బంది కదూ." లెక్కల టీచరు గొంతు తగ్గించింది. "ఇది చూసే కదా, వచ్చే నెల నుంచి లైబ్రరీని ఆయన కిందికి తెస్తున్నారు. మీరు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటే చాలట. మీకు చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు.

మాస్టారు కంప్యూటర్ గదిలో దొరికాడు. సిగ్గుపడతాడేమో అనుకుంది. పడలేదు.

"మీ పేజీ అందరికీ తెరిచే పెట్టారు కదండీ. నేను దానికో చిన్న ప్రోగ్రాం తగిలించానంతే. అది తీసుకుంటుంది, అదే పంపుతుంది. నేను ముట్టుకోను కూడా. అసలు పని ప్రోగ్రాందే."

"చదివేది?"

"చదవడానికి టైమెక్కడిదండీ," అని నవ్వాడు.

ప్రిన్సిపాల్ ఆడమనిషి. ఆ ధైర్యంతోనే ఆవిడ గదిలోకి వెళ్ళి, తన ఫోనులో ఉన్నదీ మాస్టారు పంపిందీ పక్కపక్కన పెట్టి చూపించింది. ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ వార్తలు నువ్వు రాశావా?"

"లేదు మేడమ్. వందల్లోంచి ఏరాను. తప్పులున్నవి పక్కన పెట్టాను. ఏ క్లాసుకి ఏది కావాలో రాశాను."

"ఏరడం కూడా ఒక పనేనా అమ్మా? అయినా డ్యూటీలో ఫోన్ చూడకూడదని సర్క్యులర్ ఉంది. ఇదంతా ఎప్పుడు చేశావని కమిటీ అడిగితే ఏం చెప్తావ్?"

"ఇంట్లో చేశాను."

"ఇంట్లో చేసింది ఇంటిపని అవుతుంది గానీ ఉద్యోగం ఎలా అవుతుంది? నీకెందుకీ తలనొప్పి. ఆయన నలుగురిలో బాగా మాట్లాడతాడు. నువ్వు సర్దుకుపో."

బడిలో చదివితే నేరం. ఇంట్లో చదివితే పిచ్చి. అదే చదువు ఒక మగాడి సంతకం కిందికి చేరగానే పదోన్నతి. మెట్లు దిగుతూ చేతిలోని రిజిస్టరు తెరిచింది. పదకొండేళ్ళుగా ఆ రిజిస్టరులో ప్రతి పుస్తకానికీ ఎవరు రాశారో ముందు రాసి, ఆ తర్వాతే నంబరు వేసింది. రాసినవాళ్ళ పేరు లేకుండా ఒక్క పుస్తకం ఆ బీరువాల్లోకి ఎక్కలేదు. ఎక్కనివ్వకపోవడమే ఆమె ఉద్యోగం.

సాయంత్రం విషయం చెప్తే భర్త బూట్లు విప్పుకుంటూ విన్నాడు.

"పోనీలే. నీ జీతం తగ్గించడం లేదుగా? పేరు కోసం ఈ పాకులాట దేనికి? పైగా నలుగురికీ తెలిస్తే, ఇంట్లో పని వదిలేసి ఇదా చేసేది అంటారు."

"ఏ పని వదిలేశానండీ?"

"అదే, మాట వరసకి అన్నాను," అని టీవీ పెట్టాడు.

ఆ వారమంతా ఆమె ఎవరితోనూ వాదించలేదు. పొద్దున్నే లేచింది, ఇస్త్రీ చేసింది, చదివింది. నక్షత్రాలు మాత్రం పెట్టలేదు. పేజీ మూసేద్దామా అనుకుంది. మూస్తే ఏమవుతుంది? ప్రోగ్రాం పాడైందంటాడు మాస్టారు. అందరూ అయ్యో పాపం అంటారు. వచ్చే నెల తను ఆయన కింద చేరుతుంది. సరిచేయండని తనకే చెప్తారు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. పదకొండింటికి ఇంకా అయిదు నిమిషాలు ఉన్నాయనగా ఆమె లైబ్రరీలో తన కుర్చీలో కూర్చుని, సర్క్యులర్ అంటించిన గోడకి ఎదురుగానే ఫోను బల్ల మీద పెట్టుకుంది. ఒకే ఒక్క వ్యాసానికి నక్షత్రం పెట్టింది. కింద గడిలో, మాటల కోసం వెతుక్కోకుండా, ఆగకుండా రాసింది:

'రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం మీరు చదువుతున్న ఈ వ్యాసాలను ఏరి, పరీక్షించి, ఒక్కోదానికీ వ్యాఖ్య రాసినది మన బడి లైబ్రేరియన్. వీటిలో ఒక్కటి కూడా నేను చదవలేదు. లైబ్రరీని నా కింద పెట్టే ముందు కమిటీ ఈ సంగతి గమనించగలరు.'

సరిగ్గా పదకొండింటికి ఉత్తరం అందరికీ వెళ్ళింది, కింద మాస్టారి సంతకంతో, హోదాతో సహా.