నిండు కొప్పు

"రేపు నిండు కొప్పుతోని రా. లేకుంటే గోదాములకు పో," అన్నాడు ఫ్లోర్ మేనేజర్ రాజేందర్.

ఆబిడ్స్‌లోని ఆ చీరల కొట్టు వాళ్లకు మనిషి పని ఒక్కటే చాలదు, ఆ మనిషి నెత్తి మీద కొప్పు కూడా కావాలి. పది గంటలు నిలబెడతారు, కూర్చోడానికి స్టూలు వెయ్యరు, జుట్టు మాత్రం పెళ్లికూతురి జుట్టులా ఉండాలి. చంద్రికకు మొన్న డెంగీ వచ్చి సగం జుట్టు ఊడిపోయింది. మిగిలింది నెత్తికి అంటుకుపోయి ఎలకతోకలా వేలాడుతోంది. అది ఆమె తప్పా?

గోదాములో పనికి ఆమె భయపడలేదు. భయమంతా అక్కడ చీరల మూటలు తప్ప మనిషన్నవాడు ఉండడనే. కౌంటర్లో అయితే "ఈ అంచు నాకు నప్పుతుందా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. రోజు మొత్తం మీద ఆమెతో మాట్లాడేది వాళ్లే. నాంపల్లి గదికి పోతే గోడలు.

రెండు నెలల కిందటి దాకా ఆ గదిలో ఆమెతోపాటు యాదవ్వ ఉండేది. అదే కొట్టులో ఊడ్చే పని. పొద్దున్నే ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్లు. "ముసలిదానివైతివి, కస్టమర్ల ముంగట బాగుండదు" అని ఈ రాజేందరే ఆమెను తీసేశాడు. ఆమె ఊరికి పోయింది.

తెల్లవారకముందే లేచి చంద్రిక కుంకుడు రసంతో తలంటుకుంది. నూనె చుక్క ముట్టలేదు. పలచటి జుట్టు నూనెతో ఇంకా అణిగిపోతుందని చెప్పింది యాదవ్వే. తల కిందికి వంచి ఆరబెట్టుకుంది. పాయలు పైకెత్తి కొసల నుంచి కుదుళ్ల వైపు ఎదురు దువ్వింది. కాస్త ఉబ్బింది. ముడి చుడితే మాత్రం నిమ్మకాయంతే!

కోఠిలో సవరం కొందామంటే ఆ కొట్లు తెరిచేది పదింటికి. ఈమె తొమ్మిదికే కౌంటర్లో ఉండాలి.

అప్పుడు కనిపించింది, కిటికీ ఊచకు కట్టిన కవరు. స్టీలు గిన్నెలిచ్చి వెంట్రుకలు కొనేవాడు వస్తే అమ్ముదామని, దువ్విన ప్రతిసారీ రాలిన తన జుట్టు ఉండ చుట్టి యాదవ్వ అందులో దాచేది. చంద్రిక ఆ ఉండలను కడిగి, ఆరబెట్టి, గుండ్రంగా చుట్టి తన ముడి మధ్యలో పెట్టింది. పైన తన జుట్టు కప్పి పిన్నులు గుచ్చింది.

కొట్టులో రాజేందర్ ఎదురుగా నిలబడి ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఔ, గిట్లుండాలె. ఇన్నొద్దులు ఏమైంది నీకు?"

ముసలిదని గెంటేసిన మనిషినే కౌంటర్ ముందు నిలబెట్టి మెచ్చుకుంటున్నాడు, దద్దమ్మ.

మధ్యాహ్నం పట్టుచీరలు చూడ్డానికొచ్చిన ఒకావిడ, "కొప్పు భలే కుదిరిందమ్మా, ఎవరు వేశారు?" అని అడిగింది.

"ఇంట్ల మా అక్క ఉన్నదమ్మా," అంది చంద్రిక.

సాయంత్రం గదికి రాగానే యాదవ్వకు ఫోన్ చేసింది.

"అక్కా, ఇయ్యాల నువ్వు కౌంటర్ల నిలబడ్డవ్."

సంగతంతా విని యాదవ్వ దగ్గొచ్చేదాకా నవ్వింది. "గా రాజేందర్‌గాడు నన్ను మెచ్చుకున్నడా! నా తెల్లెంటికలు బయట పడలేదానే?"

"పడలే."

"ఎనక పిన్నులు మంచిగ లోపటికి పోయినయా?"

చంద్రిక చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. రెండు పిన్నులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పొద్దుటి నుంచీ అలాగే ఉన్నాయి కాబోలు.

"ఎనక సూసేటోళ్లు ఎవరున్నరక్కా," అంది.

"నేనుంటే సర్దుదును," అంది యాదవ్వ, నవ్వు ఆపి.

ఫోన్ పెట్టేశాక కొప్పు విప్పి, ఆ ఉండను మళ్లీ కవరులో వేసి ఊచకు కట్టింది. రేపు కూడా కావాలి.