లచ్చన్న గెలుపు

శుక్రవారమైనా సిమెంటు ఇటుకలకు సెలవుండదు. మనిషి నమాజుకు పోవచ్చు, బట్టలు ఉతుక్కోవచ్చు, మంచం మీద పడి దొర్లవచ్చు. నిన్న పోసిన ఇటుకకు మాత్రం ఈ పూట నీళ్లు పట్టకపోతే నెర్రెలు విచ్చుతుంది. అందుకే దుబాయ్ అవతల ఉమ్ అల్ క్వైన్‌లోని ఆ ఇటుకల యార్డులో అందరూ గురక పెడుతుంటే, లచ్చన్న ఒక్కడే రబ్బరు పైపు భుజాన వేసుకుని వరసల మధ్య తిరుగుతున్నాడు.

బక్క మనిషి. లుంగీ మోకాళ్ల పైకి ఎగగట్టి, తలకు తువ్వాలు చుట్టాడు. కాలివేళ్ల సందులు సిమెంటు నీళ్లకు పాసిపోయి తెల్లబడ్డాయి. రెండు వరసలు తడిపేసరికి ఆగి, ఎడమచేత్తో రొమ్ము రుద్దుకుంటాడు. అడిగితే గ్యాసంటాడు. ఆ గ్యాసుకు ఆర్నెల్లుగా సోడాలు తాగుతూనే ఉన్నాడు.

ఆరేళ్లుగా ఇదే కొలువు. జగిత్యాల పక్కన ఉన్న తన ఊరికి అతనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. 'నీళ్ల పని' అనే చెప్పాడు. ఊరే దాన్ని సాగదీసి అతన్ని నీళ్ల ఆఫీసరును చేసింది. కుండ మూతికి మూకుడుంది గాని లోకం మూతికి మూకుడుందా?

ఆ రోజు మాత్రం లచ్చన్న పైపు పట్టుకునే నవ్వుకుంటున్నాడు. కాంట్రాక్టు అయిపోవచ్చింది. శనివారం పొద్దున ముదీర్, అంటే యార్డు మేనేజరు, ఆఫీసుకు పిలుస్తాడు. ఉంటానంటే ఇంకో రెండేళ్లకు సంతకం. పోతానంటే టికెట్టు చేతిలో పెట్టి ఖలాస్ అంటాడు. పోతాననే లచ్చన్న నిశ్చయం. 'ఇగ నాతోని అయితలేదు, ఇంటికొస్త, ఉన్నదాంట్ల బతుకుదం' అని క్యాసెట్లో మాట నింపి భార్య ఐలవ్వకు పంపాడు. ఐలవ్వ అదే క్యాసెట్ రెండోవైపు జవాబు చెప్పి, సెలవు మీద వచ్చి తిరిగిపోతున్న పొరుగూరి పర్శరాములు చేతికిచ్చింది. పర్శరాములు లచ్చన్న గదివాడే. తెల్లవారే దిగాడు.

గది మొత్తానికి టేప్‌రికార్డర్ ఒక్కటే. అది మిక్సర్ తిప్పే మౌలా సాహెబ్‌ది, నెల్లూరాయన. ఎవరి ఇంటి నుంచి క్యాసెట్ వచ్చినా శుక్రవారం భోజనాల దగ్గర అందరూ కూర్చుని వినడం అక్కడి ఆనవాయితీ. ఊళ్లోని ఆడవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ముందు గదివాళ్లందరినీ పలకరించి గాని మొగుడి దగ్గరకు రారు. ఒంటరిగా వింటానన్నవాణ్ణి మాత్రం గదివాళ్లు వారం రోజులు ఏడిపించుకు తింటారు.

లచ్చన్న ఒంటరిగా వినాలనుకోలేదు సరికదా, పక్కగది వాళ్లను కూడా పిలిచాడు. తానే నిలబడి కోడికూర వండాడు. ఐలవ్వ రమ్మంటుంది, రమ్మన్న మాట పదిమందీ వినాలని ముచ్చట. అదీ ఆ పిచ్చివాడు చేసిన తప్పు.

మౌలా సాహెబ్ మీట నొక్కాడు. కోడికూత, ఎవరిదో దగ్గు, తర్వాత ఐలవ్వ.

"గదిల ఉన్న అన్నలందరికి రాంరాం. మౌలా సాబన్నకు సలాం. ఏమయ్యా, మంచిగున్నవా? నువ్వొస్తనన్నది ఇన్న. నువ్వు రావాల్ననే నాకు సుత ఉన్నది. గని నువ్వు గెలిచినవని ఊరంత అనవట్టె. కులంల మీ తమ్మున్ని పిలిచి ముందట కూసోవెడ్తున్రు. బోరింగుకాడికి పోతె నన్నే ముందుగాల పట్టుకొమ్మంటున్రు. గీ మర్యాద మనకెన్నడున్నదయ్యా? వెంకట్రాములు కాంట్రాక్టు నడుమల్ల వచ్చిండని ఇప్పటికి సుత వాపస్ వెంకట్రాములనే పిలుస్తున్రు. ఆయన పెండ్లాం పెండ్లిళ్లకు పోతలేదు. నువ్విప్పుడొస్తె ఓడిపోయొచ్చిండంటరు. ఒక్క కాంట్రాక్టు... ఒక్కటే... కండ్లు మూసుకొని చెయ్యి."

ఆపైన ముక్కు ఎగబీల్చిన చప్పుడు. వెనక ఎవరో మగగొంతు 'ఇగ బందువెట్టు' అన్నాక ఉత్త గరగర.

గదిలో ఎవరూ అన్నం ముద్ద ఎత్తలేదు. పర్శరాములు తల వంచుకున్నాడు. క్యాసెట్ మోసుకొచ్చిన పాపం తనదే అయినట్టు అతని చెవులు ఎర్రబడ్డాయి.

లచ్చన్న గిన్నె తీసుకుని అందరికీ మారు వడ్డించాడు. "తినున్రి, సల్లారుతది. ఆమె చెప్పింది నిజమే గద. ఓడిపోయినోని ఇంట్ల దీపమెవడు సూస్తడు?"

మౌలా సాహెబ్‌కు ఒళ్లు మండింది. "ఏం గెలిచినావబ్బా నువ్వు? నిద్ర గెలిచినావా, ఆకలి గెలిచినావా? మా ఊళ్లో మేడ కట్టినోణ్ణి కామ్యాబ్, గెలిచినోడు అంటారు. ఆ మేడలో వాడు ఒక్క రాత్రన్నా పడుకున్నాడా అని ఒక్కడూ అడగడు. రేపు ముదీర్‌కి పోతానని చెప్పు. ఊరు వారం రోజులు నవ్వుద్ది, తర్వాత దాని పని అది చూసుకుంటాది."

"నాకైతె నవ్వినా మంచిదే సాబన్నా. ఆమె బోరింగుకాడికి పోవాలె గద, రోజు."



లచ్చన్న కంచం కడిగి, టేప్‌రికార్డర్ ముందుకొచ్చి కూర్చున్నాడు. భార్య గొంతు మళ్లీ వినడానికి కాదు. క్యాసెట్ తిప్పి పెట్టి, రికార్డు మీట నొక్కి, ఊరికి జవాబు చెప్పాడు. "ఐలవ్వా, సంతకం పెడుతున్న. నాకేం రందిలేదు, మంచిగనే ఉన్న. నువ్వు పైలం." అంతే. ఆరేళ్లలో ఊరికి అతను చెప్పిన మొదటి అబద్ధం అది. ఒక్క గుక్కలో చెప్పేశాడు.

సాయంత్రం ఎండ వాలాక రెండో తడి పెట్టాలి. పైపు భుజాన వేసుకుని వెళ్లాడు. కడుపు మండుతుంటే మనిషి ఏడుస్తాడు, తిడతాడు, తాగుతాడు. లచ్చన్నకు ఈ మూడూ రావు. నీళ్లు పట్టడం వచ్చు. సముద్రం వైపున్న చివరి వరస దాకా ఒక్క ఇటుక వదలకుండా తడిపాడు. అక్కడ ఇటుకల నీడలో కాసేపు కూర్చుందామనుకున్నాడు. వీపు ఆనించాడు. తడి ఇటుకల చల్లదనం చొక్కాలోంచి ఒంటికి తగిలింది. హాయిగా ఉందనుకున్నాడు.

నీళ్లు గదుల వాకిలి దాకా పారి వస్తే, పైపు ఊడిందనుకుని పర్శరాములు చూడబోయాడు. పైపు లచ్చన్న ఒళ్లోనే ఉంది. నీళ్లు పోతూనే ఉన్నాయి.

కాయితాలన్నీ అయి శవం కదిలేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. దుబాయ్ నుంచి పోయేవాడు ఉత్త చేతులతో ఊళ్లో అడుగుపెట్టకూడదు. చచ్చినవాడికి మాత్రం ఆ మర్యాద ఎందుకు తప్పాలని గదివాళ్లు తలా ఇంత వేసుకుని, పులిబొమ్మ ఉన్న పెద్ద రగ్గొకటి కొన్నారు. శవప్పెట్టెతో సామాను పోదని విమానాల దగ్గర మనిషి చెప్పాడు. మౌలా సాహెబ్ బతిమాలాడు, తర్వాత తిట్టాడు, చివరికి రగ్గు చంకన పెట్టుకుని వెనక్కి వచ్చాడు.

నెల తర్వాత పర్శరాములు ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. లచ్చన్నను డప్పులతో సాగనంపారట. చుట్టుపక్కల నాలుగూళ్ల జనం వచ్చారట. మన కులంలో విమానంలో వచ్చిన పీనుగ ఇదే మొదటిదని, మనిషంటే అట్ల గెలవాలని పెద్దమనుషులు అన్నారట. ఐలవ్వ గొంతు ఆ క్యాసెట్లో లేదు.

లచ్చన్న మంచం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద రగ్గు, జిప్పు తీయని ప్లాస్టిక్ సంచిలో అట్లాగే ఉంది. మడతలో పులి ముఖం సగమే పైకి కనిపిస్తోంది.