ఎడమవైపు రంధ్రం

నేను ఒక కుంచెను. సన్నటి జాతి. ఉత్తరాదిలో ఓ ఇరుకు గదిలో నా వెంట్రుకలను దారంతో బిగించి కట్టినామె, నా కొనను పెదవులతో తడిపి చూసి తృప్తిగా తలూపింది. దాంతో నాకు కాస్త పొగరెక్కింది. కోఠిలో ఓ దుకాణంలో ఉన్నన్నాళ్లూ ఏ దేవత కనురెప్పలనో దిద్దుతానని కలలు కన్నాను. తీరా నన్ను కొన్నవాడు రంగులేవీ కొనలేదు. అప్పుడే అనుమానపడాల్సింది.

అతను భార్గవ్, హైదరాబాదులో ఓ పరిశోధనశాలలో పీహెచ్‌డీ విద్యార్థి. ఎలుక మెదడును ఉల్లిపొరలాంటి ముక్కలుగా కోసి, రంగు పట్టించి, నీళ్లలో వదిలితే వాటిని చిరగకుండా ఎత్తి గాజు పలక మీద పరచడం నా పని. గది నిండా పెద్ద పెద్ద యంత్రాలున్నా ఈ పనికి నేనే దిక్కు! కొన్నాళ్లకు అతను నన్ను తన జూనియర్ ప్రసూన చేతిలో పెట్టి, "ఊపిరి బిగవట్టు. ముక్కను గుంజకు, అదే వస్తది" అని నేర్పాడు. ఆమె అతన్ని అన్నా అని పిలిచేది.

వాళ్ల మాటలు వినీ వినీ నాకూ కొంత తెలిసింది. మెదడులో కాపలా కణాలుంటాయి, పేరు మైక్రోగ్లియా. మామూలప్పుడు సన్నటి చేతులు చాచి చుట్టుపక్కల తడుముతూ ఉంటాయి. దెబ్బ తగిలిందా, చేతులు ముడుచుకుని గాయం చుట్టూ మూగుతాయి. అది చూడడానికే భార్గవ్ కొన్ని ఎలుకలకు మత్తిచ్చి, పుర్రె ఎడమవైపు డ్రిల్లుతో తెరిచి, మెదడుకు చిన్న గాయం చేశాడు. పోల్చి చూడడానికి మరికొన్నింటికి పుర్రె మాత్రం తెరిచి, మెదడును ముట్టుకోకుండా కుట్లు వేశాడు. వాటిని ప్రసూన ఉత్తుత్తి ఎలుకలు అనేది.

నీళ్లలో ముక్క బోర్లా పడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకని ఎలుక చచ్చాక బయటికి తీసిన మెదడుకు కుడివైపు సూదితో ఒక గుర్తు పొడిచేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ప్రసూన మైక్రోస్కోపులో చూస్తూ చూస్తూ ఆగిపోయింది. "అన్నా, ఉత్తుత్తి ఎలుకలకు ఎడమవైపు గూడ రంధ్రమున్నది."

"నువ్వే రెండుసార్లు పొడిచినవేమో. సూది గుర్తని రాస్కో."

"చచ్చినంక పొడిస్తే కణాలెట్ల వస్తయన్నా? కుడివైపు రంధ్రం కాడ ఒక్కటి మూగలే. ఎడమవైపు దాని చుట్టు గుంపు కట్టినయి. ఇది బతికున్నప్పుడు తగిలిన దెబ్బ."

భార్గవ్ వచ్చి చూడను కూడా లేదు. డ్రిల్లు లోపలికి దిగిందని అతనికి ఎప్పుడో తెలుసు. థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది, అది ఇస్తేనే పుణెలో ఉద్యోగం. "గంత చిన్నది ఎవరు జూస్తరు ప్రసూనా?" అన్నాడు. అడిగినట్టు లేదు, బతిమాలినట్టు ఉంది. ఆమె నన్ను వేళ్ల మధ్య ఊరికే తిప్పుతూ కూర్చుంది. పని నేర్పినవాడి బతుకు తన ఒక్క మాట మీద ఆగింది. నాకు ఆమె మీద జాలేసింది.

"రేపు సార్‌కు తెల్వాలె. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా అన్నా?"

మర్నాడు ప్రొఫెసర్ వాచస్పతి గారు రాగానే భార్గవే లేచాడు. "సార్, నా డ్రిల్లు కొంచెం లోపలికి దిగింది. ఉత్తుత్తి ఎలుకలకు కూడా గాయమైంది."

ఆయన మైక్రోస్కోపులో చూసి తలెత్తారు. "అప్పుడే చెప్పుంటే బాగుండేదయ్యా. సరే, కొత్త ఎలుకలతో మళ్లీ చెయ్యండి."

పుణె ఉద్యోగం చేజారింది. కొత్త ఎలుకలు వచ్చాయి. ఈసారి భార్గవ్ ప్రాణాలు ఉగ్గబట్టుకుని డ్రిల్లు పట్టుకున్నాడు. ఉత్తుత్తి ఎలుక మెదడు ముక్కను ప్రసూన నాతోనే పరిచింది. అప్పటికే నా వెంట్రుకలు విచ్చుకుపోయాయి, అయినా చిరగనివ్వలేదు. ఆమె చాలాసేపు మైక్రోస్కోపులో వెతికింది.

"ఎడమవైపు ఏం లేదన్నా."

భార్గవ్ కుర్చీలో కూలబడ్డాడు. గెలిచినట్టు ఎవరూ నవ్వలేదు. ఏమీ లేదని చూపించడానికే ఆ ఎలుక చచ్చిపోయింది. మొదటిసారే చేయి కుదురుగా ఉండుంటే, అది ఇంకా గింజలు కొరుక్కుంటూ బతికుండేది.