వదిలేశానంటే వదిలేశాను

పాత ఇనుము కొనేవాడి బండి మీద, తుప్పు పట్టిన కుర్చీ కాళ్ళ మధ్య అది తలకిందులుగా పడి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. ఎందుకు గుర్తుపట్టను? నా ఎడమ చేతి చివరి రెండు వేళ్ళూ తిన్న రంపం అది.

"దింపు," అన్నాను.

"ఇది మీ అన్నగారే ఇప్పుడే వేశారమ్మా. తూకం కూడా అయిపోయింది," అన్నాడు బండివాడు.

"వేసింది మా అన్నయ్యే. వేళ్ళిచ్చింది నేను. దింపు."

వాడు నా చేతివంక చూశాడు. దింపాడు.

మా నాన్నకు కలప అడితి ఉండేది. దుంగలు కొయ్యడానికి ఆయన కొన్న మొదటి మోటారు రంపం ఇది. ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. ఇప్పటివాటిలా గొలుసును ఆపే బ్రేకు లేదు, వణుకును మింగే రబ్బర్లూ లేవు. అన్నయ్యా నేనూ దాని మీదే పని నేర్చుకున్నాం. పెళ్ళి సంబంధాలు చూస్తున్న వయసులో నేను రంపపు పొట్టుతో తెల్లబడ్డ జడ వేసుకుని తిరిగేదాన్ని, మా అమ్మ తల బాదుకునేది.

ఒక మధ్యాహ్నం దుంగ సగం కోశాక ట్రిగ్గర్ వదిలాను. వదిలితే ఇంజిన్ గుడగుడమంటూనే ఉంటుంది కానీ గొలుసు ఆగిపోవాలి. బెరడు ముక్క ఒకటి అడ్డం పడింది, తీసేద్దామని ఎడమ చెయ్యి పోనిచ్చాను. గొలుసు ఆగలేదు.

అంతే. మిగతాది చెప్పను.

ఆ రోజునుంచి మా ఇంట్లో ఒకటే మాట. ట్రిగ్గర్ వదలకుండానే చెయ్యి పెట్టిందట. "దాని చెయ్యి ఒకచోట, ధ్యాస ఒకచోట," అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పిల్లలు పాలగ్లాసు ఒలకబోస్తే చాలు, "అత్తలా పరధ్యానం పనికిరాదు" అనేవాళ్ళు. నేను అరిచి గీపెట్టాను, వదిలేశానంటే వదిలేశానని. "వదిలేస్తే అది ఎందుకు తిరుగుతుందే?" అనేవాడు అన్నయ్య. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రంపాన్ని మూలన పడేశారు, నన్ను అడితిలో అడుగు పెట్టనివ్వలేదు. సరే, మీ అడితి మీరే ఏలుకోండని సోఫాలు కుట్టే పని నేర్చుకున్నాను. వచ్చిన సంపాదనతో పాత మోటారు రంపాలు కొన్నాను. ఎక్కడ గోదాం ఖాళీ చేస్తున్నారన్నా అక్కడ వాలిపోయేదాన్ని. మా వెనక గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా రంపాలు: ఎర్రవి, పసుపువి, రంగేదో వాటికే గుర్తులేనివి. మూతి పొడవైనవి, పొట్టివి, గేరుతో తిరిగేవి, నేరుగా తిరిగేవి. ఒకే కంపెనీవి రెండు పక్కపక్కన పెట్టి ఏ ఏడు ఏ బోల్టు మార్చాడో చూస్తూ కూర్చుంటే నాకు అన్నం సహించేది. పెళ్ళి ఊసెత్తినవాళ్ళకు ఒకటి స్టార్ట్ చేసి చూపించేదాన్ని. మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు.

ఈ పిచ్చి నా ఒక్కదానిదే కాదు. మాకో బృందం ఉంది. ఏటా ఒకసారి అందరం ఒక ఖాళీ గోదాం ముందు రంపాలు తెచ్చి పెడతాం. తిరగనివి బల్లల మీద, తిరిగేవి దుంగల దగ్గర. దుంగ మీదకు ఎక్కించే ముందు మైకులో చెప్పి తీరాలి: రంపం ఎవరిది, బాగుచేసింది ఎవరు, మార్చిన పార్టు ఏది. దాచిపెడితే ఆ మనిషికి మా బృందంలో ఇక చోటు ఉండదు. ఈ బృందానికి పెద్ద మా అన్నయ్య. మైకు కూడా ఆయన చేతిలోనే.

ఆయన్ని అందరూ సర్దుబాటు అంటారు. ఎందుకంటే అడితిలో ఏది విరిగినా చేతికందిన దానితో అతికించి "సర్దేశా" అనేవాడు. చెప్పుల డబ్బా అట్టను కత్తిరించి ఇంజిన్‌లో వాషర్ చేసేవాడు. గొట్టానికి కన్నం పడితే సబ్బు ముక్క. నాకు ఆ సర్దడం గిట్టదు. అసలు పార్టు దొరికితే వేస్తాను, దొరక్కపోతే ఆగుతాను. "నువ్వు ఆగుతూ కూర్చో, లోకం ఆగదు," అంటాడాయన. ఈ గొడవ మా ఇద్దరికీ ఊపిరంత మామూలు.

రంపం ఇంటికి తెచ్చిన సాయంత్రమే అన్నయ్య వచ్చాడు.

"దాన్నెందుకు తెచ్చావు? కరిగించెయ్యమని వేశాను."

"ఈసారి దుంగ మీద పెడతాను."

"పెట్టవు. కావాలంటే బల్ల మీద పెట్టుకో. మూడు వేళ్ళతో ముందు పిడి నీకు ఆగదు."

"మిగతా రంపాలకు ఆగినప్పుడు దీనికి ఆగదా? ఏ రూల్లో ఉంది?"

"నేను చెప్పిందే రూలు," అన్నాడు. కోపంగా అన్నట్టే అన్నాడు గానీ, చూపు మాత్రం నా మీద లేదు, రంపం మీద ఉంది.

వెనకాలే అమ్మ. "పోనీలేవే, ఎప్పటి మాటో. ఇక వదిలెయ్."

"అప్పుడు వదిలానంటే నమ్మలేదు. ఇప్పుడు వదలమంటే నేను వదలను," అన్నాను.

అమ్మ మొహం గంటు పెట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్ళనీ. ఆ రంపాన్ని నా చేతులతో బాగుచేసి, అందరి ముందూ దుంగ కొయ్యాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

పని మొదలుపెట్టాను. బిగుసుకుపోయిన బోల్టుల మీద కిరసనాయిలు పోసి నానబెట్టాను. పిస్టన్ బాగానే ఉంది, మా నాన్న ఆయిల్ కలపడంలో పిసినారి కాదు. కార్బురేటర్లో రబ్బరు పొర అప్పడంలా పెళుసెక్కింది, కొత్తది తెప్పించాను. ప్లగ్గు తుడిచాను, ఎలుకలు కొరికిన వైరు మార్చాను. క్లచ్ జోలికి మాత్రం పోలేదు, పైకి అంతా శుభ్రంగానే కనపడింది. పెరట్లో తాడు లాగితే మొదట దగ్గింది, తర్వాత తుమ్మింది, తర్వాత ఒక్కసారిగా అరిచింది. ఆ అరుపు వినగానే లేని వేళ్ళు కూడా జివ్వుమన్నాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

ట్రిగ్గర్ వదిలితే గొలుసు ఆగింది. సరిగ్గా ఆగింది. అంటే వాళ్ళ మాటే నిజమా? నేనే వదల్లేదా? పళ్ళు బిగబట్టి ఒక పాత దూలం తెచ్చి కొయ్యడం మొదలుపెట్టాను. ఒక ముక్క, ఇంకో ముక్క. రంపం సెగలు కక్కుతోంది. మూడో కోతలో ట్రిగ్గర్ వదిలాను.

గొలుసు ఆగలేదు.

వేలు చూసుకున్నాను. ట్రిగ్గర్ మీద లేదు. మొత్తం చెయ్యి తీసి చూపుడువేలు గాల్లో పెట్టి చూశాను. గొలుసు గిరగిరా తిరుగుతూనే ఉంది. స్విచ్చి కట్టేసి నేల మీద కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి ఏమనుకున్నారో నాకు అనవసరం.

మరి ఎందుకు తిరుగుతోంది? తెలియాలంటే ఇలాంటిదే ఇంకోటి కావాలి. అచ్చంగా ఇదే రంపం ఉన్నది మా బృందంలో ఒక్క బేకరీ ఆయన దగ్గర. ఆయనకూ నాకూ పడదు. ఆయన తన రంపాల మీద మట్టి కూడా తుడవడు, పాతదనం పోతుందట. నేను వేసే రంగులు చూసి "పెళ్ళికూతుళ్ళు" అని వెక్కిరిస్తాడు. అయినా సిగ్గు విడిచి రంపం సంచిలో పెట్టుకుని వెళ్ళాను.

పొయ్యి గది పక్కన, పిండి పిసికే బల్ల మీద పాత గోనె పరిచి రెండు రంపాలూ పక్కపక్కన పెట్టాం. పక్కమూతలు తీశాం. క్లచ్ మర ఎడమచేతివాటం, విప్పాలంటే బిగించినట్టు తిప్పాలి. లోపల రెండు ఇనుప ముక్కలు, వాటిని దగ్గరకు లాగి పట్టుకునే రెండు స్ప్రింగులు. ఇంజిన్ జోరందుకుంటే ఆ ముక్కలు విచ్చుకుని బయటి గిన్నెను పట్టుకుంటాయి, గొలుసు తిరుగుతుంది. ట్రిగ్గర్ వదిలితే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగేస్తాయి, గొలుసు ఆగుతుంది.

బేకరీ ఆయన రంపంలో రెండు స్ప్రింగులూ కవలలు. నా దాంట్లో ఒకటి వాటిలాంటిదే. రెండోది వేరు.

"ఇది సైకిల్ స్టాండు స్ప్రింగు కదూ?" అన్నాడాయన కళ్ళజోడు ముక్కు మీదకు జార్చి. "ముక్క కత్తిరించి కొక్కెం వంచారెవరో. చల్లగా ఉన్నంతసేపూ పట్టుకుంటుంది. వేడెక్కితే సాగిపోతుంది."

ఎవరో కాదు. ఆ కొక్కెం నాకు తెలుసు. ఎవరైనా తీగను ఒక చుట్టు తిప్పి వదిలేస్తారు. మా అన్నయ్య రెండు చుట్లు తిప్పుతాడు. మా గేటు గొళ్ళేనికి రెండు చుట్లు, బట్టల తీగకు రెండు చుట్లు, అమ్మ కళ్ళజోడు కాడకు కూడా రెండు చుట్లు.

బేకరీ ఆయన మంచినీళ్ళిచ్చాడు. తర్వాత ఒక రేకుడబ్బా దించి, కాగితంలో చుట్టిన కొత్త స్ప్రింగుల జత నా ముందు పెట్టాడు. ఎవరికీ ఒక్క మేకు ఇవ్వని మనిషి.

"రంగు మాత్రం వెయ్యకండి," అన్నాడు.

వెయ్యలేదు.

గోదాం ముందు అందరూ చేరిన రోజు నేను తిన్నగా దుంగ దగ్గరికే వెళ్ళి రంపం దించాను. అమ్మ ముందు వరసలో కుర్చీలో కూర్చుని ఉంది. అన్నయ్య మైకు పట్టుకునే గబగబా వచ్చాడు.

"బల్ల మీద అన్నానా లేదా? నలుగురిలో నా పరువు తియ్యకు."

గుప్పిట తెరిచాను. అరచేతిలో ఆ సైకిల్ స్ప్రింగు.

మైకు నోరు చేత్తో మూసేశాడు.

"విప్పావా?" అన్నాడు మెల్లగా.

"విప్పాను. నువ్వు ఎప్పుడూ విప్పలేదా?"

"లేదు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా?"

"విప్పితే తెలిసిపోతుందని విప్పలేదు."

ఆయనే మళ్ళీ అన్నాడు. "ముందురోజు స్ప్రింగు తెగింది. తెల్లారేసరికి కోత కావాలన్నాడు నాన్న. సర్దేశాను. నీ చెయ్యి చూశాక అదే అయ్యుంటుందని భయమేసింది. నువ్వు వదల్లేదని అన్నాను. అనగా అనగా నాకే నిజమనిపించింది."

"వేళ్ళు పోయినందుకు నేను ఇంత ఏడవలేదన్నయ్యా," అన్నాను. గొంతు తగ్గించలేదు. "నువ్వు వదల్లేదన్నావు చూడు, దానికి ఏడ్చాను. నా వేలిని నేనే ఎన్నిసార్లు అడిగానో తెలుసా, నిజంగా వదిలావా లేదా అని? నా చేతిని నేనే నమ్మకుండా చేశావు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేం? మైకు నీ చేతిలోనే ఉంది. మార్చిన పార్టు చెప్పాలి కదా. చెప్పు."

అటువైపు బేకరీ ఆయన చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అన్నయ్య మైకు ఎత్తాడు.

"ఈ రంపం మా నాన్నది. బాగుచేసింది మా చెల్లెలు. మార్చిన పార్టుల్లో..." ఆగాడు. "క్లచ్ స్ప్రింగు ఒకటి. పాతది నేను పెట్టాను. సైకిల్ స్టాండుది. దానివల్లే గొలుసు ఆగలేదు. ఆ రోజు మా చెల్లెలు ట్రిగ్గర్ వదిలింది. తను వదల్లేదని చెప్పింది నేనే."

అమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. "ఏమన్నాడే? గాలికి సరిగ్గా వినపడలేదు."

జాలి పడదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పడలేకపోయాను.

"అమ్మకు వినపడలేదట అన్నయ్యా. మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఈసారి మైకు దించేసి, అమ్మ కుర్చీ ముందు వంగి, ఒక్కొక్క మాటే చెప్పాడు. అమ్మ వింది. నా చేతివంక చూసింది, ఆయన మొహంలోకి చూసింది, మళ్ళీ నా చేతివంక చూసింది. కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"అయితే ఇంకా దానికి అడ్డం నిలబడ్డావేంరా?" అంది. "జరుగు."

జరిగాడు. నేను తాడు లాగాను.