భాగ్య గొంతులో డబ్బాగాడు

కొనకనమిట్ల దగ్గర ఒక ఊళ్లో ఒకప్పుడు బాలయ్య ఇంట్లో మాత్రమే టీవీ ఉండేది. ఆదివారం పొద్దున అందులో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. అంతరిక్షంలో తిరిగే ఓడ, దాన్ని నడిపే అమ్మాయి, ఆమెకు తోడుగా ఒక ఇనుప మనిషి. మాటలన్నీ హిందీ. పిల్లలెవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

గొర్రెలు కాసే కాటమరాజు కూతురు భాగ్యకూ అర్థమయ్యేది కాదు గానీ, ఆమె ఊరుకునేది కాదు. బొమ్మల పెదవులు కదిలినప్పుడల్లా తనే తెలుగులో మాటలు కల్పించి చెప్పేది. ఇనుప మనిషికి డబ్బాగాడని పేరు పెట్టి, ముక్కుతో మాట్లాడించేది. పిల్లలు టీవీని చూస్తూ భాగ్య మాటలు వినేవాళ్లు. తీరా చివరి భాగం వచ్చే ఆదివారం ఊళ్లో కరెంటు పోయింది. మండుతున్న నక్షత్రంలోకి జారిపోతున్న ఓడ ఏమైందో ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు భాగ్యకు నలభై దాటాయి. అదే ఊళ్లో కాపురం, నాయన మంద ఆమెదే. అప్పట్లో ఆమె పక్కన కూర్చుని చూసిన ఆనంద్ బాబు మార్కాపురంలో పెళ్లిళ్లకు ఎల్‌ఈడీ తెరలు అద్దెకిస్తాడు. ఈమధ్య ఇంటర్నెట్‌లో ఆ సీరియల్ మొత్తం దొరికింది అతనికి. చివరి భాగం ఒంటరిగా చూడబుద్ధి కాక, ఒక ఆదివారం పొద్దున్నే తెరను వ్యాన్‌లో వేసుకుని ఊరికి వచ్చేశాడు.

బడి వరండాలో తెర నిలబెట్టారు. అప్పటి పిల్లలందరూ తమ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. బొమ్మ మొదలైంది. హిందీ వినలేక కాసేపటికే చిన్నవాళ్లు లేచి వెళ్లసాగారు.

"సౌండ్ తగ్గించు ఆనందూ!" అని అప్పటి పిల్లల్లో ఒకతె, మల్లి, కేకేసింది. "భాగ్యక్కా, నువ్వు చెప్పక్కా!"

"ఏందే, ఈ వయసులోనా? మా అత్త ఈడనే ఉంది," అంటూ భాగ్య వెనక్కి జరిగింది.

ముందు కూర్చున్న అత్త రంగమ్మ తిరిగి చూసింది. "నేనుంటే ఏందంట? నాకు మాత్రం అర్థమైతాందా? చెప్పు."

ఆనంద్ సౌండ్ తగ్గించి మైకు అందించాడు. భాగ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అంతలో తెరమీద ఓడ ఒక పక్కకు ఒరిగింది. డబ్బాగాడు అమ్మాయివైపు తిరిగాడు.

"గట్టిగా పట్టుకో అమ్మీ! గిద్దలూరు ఘాట్ రోడ్డు మలుపు వచ్చినాది!" అంది భాగ్య ముక్కుతో.

జనం గొల్లుమన్నారు. పోతున్న పిల్లలు వెనక్కి వచ్చి కూర్చున్నారు.

డబ్బాగాడు బయటికి దూకి ఓడను భుజంతో నెట్టాడు. నెట్టి నెట్టి, కళ్లలో వెలుగు ఆరిపోయి వేలాడిపోయాడు. తర్వాతేమిటో భాగ్యకూ తెలియదు. తాడు కట్టుకుని అమ్మాయి బయటికొచ్చింది, అతని ఛాతీ మీద చెయ్యి పెట్టింది, పెదవులు కదిపింది.

"లెయ్యి," అంది భాగ్య. "నిన్ను ఇడిసిపెట్టి నేను పోను. మందలో ఒక్కటి తగ్గినా మా నాయన ఇంటికి వచ్చేటోడు కాదు."

డబ్బాగాడి కళ్లు వెలిగాయి. ఈలలు, చప్పట్లు. తల నెరిసినవాళ్లు కూడా లేచి గంతులేశారు. ఓడ మంటల్ని చీల్చుకుని బయటపడింది.

ఆనంద్ కళ్లు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. "నాకు ఇప్పుడు హిందీ వచ్చు గదక్కా. ఆ పిల్ల అట్ల అన్లేదు."

"మరి ఏమనింది?"

"బ్యాటరీ మార్చినాను అనింది."

భాగ్య పకపకా నవ్వింది. "నాదే బాగుండాది పోరా!"

"మొదటి నుంచి పెట్టండి!" అని పిల్లలు అరవసాగారు. రంగమ్మ అప్పటికే కాళ్లు చాపుకుని కూర్చుంది. భాగ్య చెంబెడు నీళ్లు గటగటా తాగి, తెర ముందుకు నడిచింది.